తండయారుపేట నుంచి కాశీదాకా... మన వీరాస్వామయ్య

చెన్నై నగరంలో ఉత్తరాన తండయారుపేట ఉంది. ఇప్పుడక్కడ మెట్రో రైలు ఆగుతుంది. కిందా పైనా జనం, లారీలు, హారన్ల మోత. నూటతొంభై ఏళ్ళ కిందట అది ఊరి బయట తోటల ప్రాంతం. ఆ తోటల్లో ఒకదాని నుంచి 1830 మే 18న పల్లకీలు, కావిళ్ళు, డేరాలతో ఓ పెద్ద గుంపు బయలుదేరింది. ఆడవాళ్ళు, బంధువులు, బోయీలు, వంటవాళ్ళు, నౌకర్లు అందరూ కలిసి సుమారు నూరుమంది. వాళ్ళు పోయేది కాశీకి.

వాళ్ళందరినీ వెంటబెట్టుకుని నడిపించిన పెద్దమనిషే ఏనుగుల వీరాస్వామయ్య. అప్పటికి ఆయన వయసు యాభై దగ్గర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్‌గా ఉద్యోగం. తెలుగులో యాత్రా సాహిత్యమనే మాట వస్తే మొట్టమొదట చెప్పుకోవలసిన పేరు ఆయనదే. ఆ పేరు పుట్టింది గుంటూరులోనో రాజమండ్రిలోనో కాదు. ఇప్పటి లెక్కల ప్రకారం సరిహద్దుకు ఇవతల, తమిళనాడు గడ్డ మీద. అందుకే మన పేజీలో ఆయన కథ చెప్పుకోవడం.

తండ్రి లేని పిల్లాడు

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో పుట్టాడు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. తొమ్మిదో ఏటనే తండ్రి పోయాడు. చెన్నపట్నంలో ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాడికి మాత్రం అన్నం కరువు లేదు. కంపెనీ దొరలకు దేశభాషలు రావు, దేశంలోని జనానికి దొరల భాష రాదు. మధ్యన నిలబడి రెండు వైపులా మాట అందించే మనిషి కావాలి. ఆ మనిషినే దుబాషీ అనేవాళ్ళు.

పన్నెండేళ్ళకే ఇంగ్లీషు బాగా పట్టుబడిందట ఆ కుర్రవాడికి. బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో జీతం లేని పనితో మొదలుపెట్టి, ఇంకా మీసాలు కూడా రాని వయసులోనే తిరునల్వేలి కలెక్టరు కచేరీలో దుబాషీ పనికి వెళ్ళాడు. మనవాళ్ళ పిల్లలు ఆ వయసులో ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతుంటారు. తర్వాత మళ్ళీ చెన్నపట్నం చేరి, లెక్కల పనులు, కచేరీ పనులు చేస్తూ మెట్టు మెట్టుగా పైకొచ్చాడు. చివరికి సుప్రీంకోర్టులో దుబాషీలందరికీ పెద్ద అయ్యాడు.

ఆ పని ఎంత బరువైనదో ఒక్కసారి ఆలోచించండి. మద్రాసులో సుప్రీంకోర్టు ఏర్పడింది 1801లో. జడ్జీలు ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు. బోనులో నిలబడేది ఏ నెసవుకారుడో, ఏ పడవవాడో. అతను అరవంలోనో తెలుగులోనో చెప్పింది జడ్జీ చెవికి ఏ రూపంలో చేరితే తీర్పు ఆ రూపంలో వస్తుంది. దుబాషీ ఒక మాట జారవిడిస్తే ఒకడి ఆస్తి పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అలాంటి చోట నమ్మకస్తుడని పేరు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. వీరాస్వామయ్య తెచ్చుకున్నాడు. జడ్జీలు ఆయన్ని గౌరవించారు. ఇన్నేళ్ళూ ఇతరుల మాటలను అటూ ఇటూ చేరవేసిన ఆ మనిషి తన సొంత మాటలు రాసింది మాత్రం కాశీ దారిలోనే.

కాశీకి పోవడమంటే

కాశీకి పోవడమూ కాటికి పోవడమూ ఒకటే అనుకునే రోజులవి. ఇప్పుడు చెన్నైలో రైలెక్కితే రెండు రోజుల్లోపే వారణాసిలో దిగిపోతాం. విమానమైతే పూట పని. అప్పుడు దేశంలో ఎక్కడా రైలు లేదు. మద్రాసు రాజధానిలో మొదటి రైలు రాయపురం స్టేషన్ నుంచి 1856లో కదిలింది. రాయపురం తండయారుపేటకు కూతవేటు దూరం. కానీ అప్పటికి వీరాస్వామయ్య పోయి ఇరవై ఏళ్ళయింది.

నేరుగా పోయినా వెయ్యి మైళ్ళకు పైమాటే. నదుల మీద వంతెనలు లేవు. అడవుల్లో పులుల భయం, జబ్బల్‌పూర్ వైపు బాటసారుల మెడకు రుమాలు బిగించే థగ్గుల భయం. దారిలో జబ్బు చేస్తే దిక్కు దేవుడే. దానికితోడు కంపెనీ రాజ్యం ఒకచోట, కందనవోలు నవాబు ఒకచోట, నిజాం ఒకచోట, నాగపూరు భోంస్లే రాజు ఒకచోట. ఎక్కడికక్కడ వేరే సుంకం, వేరే చౌకీ, వేరే నాణెం. అందుకే కాశీకి పోయేవాళ్ళు ఇంట్లో అప్పగింతలన్నీ పెట్టి, మళ్ళీ చూస్తామో లేదో అన్నట్టు ఊరందరి దగ్గరా సెలవు తీసుకుని కదిలేవాళ్ళు.

వీరాస్వామయ్యకు ఉద్యోగం ఉంది, పలుకుబడి ఉంది. కోర్టు నుంచి సెలవు పుచ్చుకుని, దారిలో ఉండే దొరలకు చూపించుకునేందుకు ఉత్తరాలు కూడా పెట్టుకున్నాడు. అయినా తనొక్కడే చల్లగా పోయిరాలేదు. నూరుమంది మంచీ చెడ్డా నెత్తిన వేసుకుని బయలుదేరాడు. నూరుమందికి రోజూ రెండు పూటలా తిండి, నీళ్ళు, తలదాచుకునే చోటు. అక్కడే ఆ యాత్ర అసలు కష్టం ఉంది.

దారి పొడవునా కలం

చెన్నపట్నంలో ఆయనకు ప్రాణస్నేహితుడు ఒకాయన ఉండేవాడు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై. దారిలో చూసినవన్నీ తనకు రాస్తూ ఉండమని ఆయన కోరిక. వీరాస్వామయ్య ఆ మాట నిలబెట్టుకున్నాడు. మజిలీ చేరగానే ఎక్కడెక్కడ ఏమేం చూశాడో రాసి పంపేవాడు.

ఆయన రాతలో ముందుగా కనిపించేది గుడి గోపురం కాదు, బావి. ఊళ్ళో మంచినీళ్ళు దొరుకుతాయా? అంగళ్ళున్నాయా? బియ్యం ఎలా ఉన్నాయి? దిగడానికి సత్రం ఉందా, చెట్టు నీడేనా? బాట బండికి పనికొస్తుందా, ఇసకా, బురదా? తర్వాత ఊరికి ఎంత దూరం? మధ్యలో ఏరుందా, దాటడం ఎలా? ఇవన్నీ అయ్యాకే ఊరి జనం, పంటలు, ఇళ్ళ తీరు, గుడి, దాని ఆదాయం, అక్కడి పాలన. తన వెనక వచ్చే యాత్రికుడికి దారి తెలియాలన్న ఆలోచన ప్రతి మజిలీలోనూ కనబడుతుంది. పటాలు ప్రచారంలో లేని కాలంలో అంతకన్నా మేలు ఏముంటుంది?

తిరుపతి మొదటి పెద్ద మజిలీ. అక్కడి నుంచి కడప సీమ మీదుగా అహోబిలం, ఆపైన నల్లమల అడవి దాటి శ్రీశైలం. శ్రీశైలం అప్పుడు కందనవోలు నవాబు చేతిలో ఉంది. దేవుడి దర్శనానికి వచ్చినవాళ్ళ దగ్గర కూడా నవాబు మనుషులు సుంకం పిండుకునేవాళ్ళు. వీరాస్వామయ్య దాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు. కొండ మీద స్వామి వైభవంతోపాటు కొండ కింద జరిగే వసూళ్ళనూ రాశాడు.

కృష్ణ దాటితే నిజాం రాజ్యం. హైదరాబాదు నగరం ఆయన్ని ఆశ్చర్యపెట్టింది. వీధుల్లో మామూలు మనుషులు కూడా ఆయుధాలు ధరించి తిరగడం చెన్నపట్నం మనిషికి కొత్త. ఆపైన ఇందూరు సీమ, గోదావరి దాటి నిర్మల. అక్కడి నుంచి పోను పోను తెలుగు పలచబడి, మరాఠీ చిక్కబడుతుంది. అయినా తెలుగు పూర్తిగా ఎక్కడ వదిలింది? నాగపూరు పక్కనే కాంప్టీలో కంపెనీవాళ్ళు 1821లో దండు పెట్టారు. మద్రాసు పటాలాలు అక్కడ ఉండేవి. వాటి వెంట పోయిన మన జనం అక్కడే స్థిరపడ్డారు. ఈ రోజు నాగపూరు, కాంప్టీల్లో ఈ పేజీ చదివేవాళ్ళలో కొందరి ముత్తాతలు ఆ కాలంలో వెళ్ళినవాళ్ళే.

గంగ ఒడ్డున

రామటెక్, జబ్బల్‌పూర్ మీదుగా నర్మద దాటి, వింధ్య కొండలెక్కి దిగి, ఆ గుంపు గంగ ఒడ్డుకు చేరింది. ప్రయాగలో త్రివేణీ స్నానం, ముండనం. కాశీలో విశ్వేశ్వర దర్శనం. గయలో పితృదేవతలకు పిండం. త్రిస్థలి యాత్ర అంటే ఈ మూడూ. మనవాళ్ళకు ఇది ఒక రుణం తీర్చుకోవడం. తొమ్మిదో ఏట తండ్రిని పోగొట్టుకున్న కొడుకు, యాభయ్యో ఏట గయకు చేరి తండ్రి పేరు చెప్పి పిండం పెట్టడమంటే ఆ మనసు ఎలా ఉండి ఉంటుందో ఎవరికి వారు ఊహించుకోవలసిందే.

ఆయన చూసిన కాశీ ఎలాంటిది? ఇప్పుడు మనం చూసే విశ్వేశ్వరాలయాన్ని ఇందూరు (మధ్యప్రదేశ్ ఇండోర్) రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. వీరాస్వామయ్య వెళ్ళేనాటికి దానికి సుమారు యాభై ఏళ్ళు. గుడి చుట్టూ సందులు, సందుల్లో ఆంబోతులు, మీద మీద పడే రాతి మేడలు. జేమ్స్ ప్రిన్సెప్ అనే టంకశాల అధికారి అంతకు ఒకటి రెండేళ్ళ ముందే ఊరంతా లెక్క కట్టించి, జనాభా సుమారు 1,80,000 అని తేల్చాడు. ఊరికి పటం గీసిందీ, మురుగు పోయే సొరంగం కట్టించిందీ ఆయనే.

కాశీలో ఆసేతు హిమాచలం జనం కనిపిస్తారు. కేదారఘాట్, హనుమాన్‌ఘాట్ ప్రాంతాల్లో దక్షిణాదివాళ్ళ ఇళ్ళు అప్పటికే ఉన్నాయి. ఇవాళ మనవాళ్ళు కాశీలో దిగేది ఎక్కువగా మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలోనే. అదీ ఆ పరిసరాల్లోనే ఉంది. అస్సి నుంచి వరుణ దాకా పంచతీర్థాల స్నానం, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు... మన తాతమ్మలు తిరిగిన దారులే ఇవి. ఆయన తిరిగిన దారులూ ఇవే.

భక్తి ఉంది కదా అని ఆయన కళ్ళు మూసుకోలేదు. పుణ్యక్షేత్రాల్లో పండాల పట్టుదల, గయలో గయావళులు యాత్ర సఫలమైందని చెప్పడానికి చేసే బేరాలు, కంపెనీవాళ్ళు వసూలు చేసే యాత్రికుల పన్ను, అన్నీ చూశాడు. ప్రయాగ, గయ, పూరీల్లో ఆ పన్ను కట్టకపోతే స్నానమూ లేదు, దర్శనమూ లేదు. డబ్బున్నవాడు కడతాడు. ముంత చేతబట్టుకుని నెలల తరబడి నడిచొచ్చిన బీదవాడి గతేమిటి? ఆ పన్ను ఎత్తేసింది 1840లో. అప్పటికి వీరాస్వామయ్య లేడు.

ఆయన పూర్తిగా తన కాలం మనిషే. కులాచారాల పట్టింపు ఉంది, కంపెనీ పాలన మీద నమ్మకమూ ఉంది. అది దాచిపెట్టి చెప్పుకోవలసిన పనిలేదు. కానీ ఊరూరా ఆచారం ఎందుకు మారుతోంది, ఒకచోట తప్పు అయినది ఇంకోచోట ఒప్పు ఎలా అవుతోంది అని ఆలోచించే గుణం ఉంది. పూరీ జగన్నాథుడి ప్రసాదం దగ్గర కుల భేదం పాటించకపోవడం లాంటివి దక్షిణాది మనిషిని ఆలోచనలో పడేసేవే.

తిరుగు దారి

గంగ మీద పడవ ప్రయాణం సాగించి, గయ పని ముగించుకుని, చివరికి కలకత్తా చేరాడు. అప్పుడది కంపెనీవాళ్ళ రాజధాని. సతీసహగమనాన్ని 1829 డిసెంబరులో నిషేధించారు. రామమోహన రాయ్ 1830 నవంబరులోనే ఇంగ్లండుకు ఓడెక్కాడు. పాత ఆచారాలకూ కొత్త ఆలోచనలకూ మధ్య పోరు జరుగుతున్న ఊళ్ళోకి, గంగ స్నానం చేసి వచ్చిన చెన్నపట్నం దుబాషీ అడుగుపెట్టాడన్నమాట.

కలకత్తా నుంచి తూర్పు తీరం వెంబడి కిందికి. పూరీ జగన్నాథం చూసుకుని, చిల్కా దాటి గంజాం సీమలోకి వచ్చాడు. బరంపురం, ఛత్రపురం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ కాలంలో గంజాం మద్రాసు రాజధానిలో భాగం. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936లో. గంజాం పట్నంలో పెద్ద జబ్బులు వచ్చి జనం పోవడంతో జిల్లా కచేరీలు 1815 తర్వాత అక్కణ్ణుంచి తరలిపోయాయి. నెలల తరబడి హిందుస్తానీ, వంగ, ఒరియా మాటలు విన్న చెవికి, అక్కడి నుంచి మళ్ళీ తెలుగు వినబడుతుంటే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. ఊరికి దూరంగా బతికే మనకు ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా?

శ్రీకాకుళం, సింహాచలం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాల మొదళ్ళు, ఒక చలికాలం గడిచాయి. పోయేటప్పుడు పడమటి దారి, వచ్చేటప్పుడు తూర్పు దారి. తెలుగు నేల మొత్తాన్ని అటూ ఇటూ కొలిచినట్టయింది. కర్నూలు నవాబు సీమ, నిజాం సీమ, కంపెనీ సీమ, గంజాం సీమ... ఇన్ని ముక్కలుగా ఉన్న తెలుగు దేశాన్ని ఒకే మనిషి ఒకే ప్రయాణంలో చూసి, ఒకే పుస్తకంలో పెట్టడం అంతకు ముందు జరగలేదు.

పుస్తకం నిలిచింది స్నేహితుడి వల్ల

తిరిగొచ్చాక వీరాస్వామయ్య ఐదేళ్ళే బతికాడు. 1836లో కన్నుమూశాడు. తన రాతలు అచ్చులో ఎలా ఉంటాయో ఆయన చూడనే లేదు.

ఇలాంటి చోట చాలా కథలు ముగిసిపోతాయి. చెదలకో, వరదకో, పొయ్యిలోకో పోయిన తాళపత్రాలు, కాగితాల కట్టలు మనకు ఎన్ని లేవు? ఈ కథ అలా ముగియకపోవడానికి కారణం శ్రీనివాసపిళ్ళై. స్నేహితుడు దారి పొడవునా పంపిన రాతలను ఆయన భద్రంగా దాచాడు. ఒక క్రమంలో పెట్టించాడు. స్నేహితుడి జీవిత విశేషాలు తనే రాసి ముందు చేర్చాడు. 1838లో చెన్నపట్నంలో అచ్చు వేయించాడు. పుస్తకం పేరు కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్య బాల్యం గురించి, ఉద్యోగం గురించి ఈ రోజు మనకు తెలిసిందంటే అది చాలావరకు పిళ్ళై పుణ్యమే. ఆ పుస్తకాన్ని అరవంలోకి మార్చే పని కూడా ఆ కాలంలోనే జరిగింది. తెలుగు, అరవం రెండూ ఇంటి భాషల్లాగే నడిచిన చెన్నపట్నం అది.

1869లో రెండోసారి అచ్చయింది. తర్వాత డెబ్భై ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బెజవాడ న్యాయవాది, చరిత్రకారుడు దిగవల్లి వేంకట శివరావు ఆ పుస్తకం విలువ గుర్తించి, వివరణలతో 1941లో మూడోసారి వేశారు. 1973లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. ఇప్పుడు తెలుగు వికీసోర్సులో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. దుబాయిలో ఉన్నా, భివాండీలో ఉన్నా, హోసూరులో ఉన్నా.

చదివితే ఇంకో విశేషం కనబడుతుంది. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాటం మొదలుపెట్టడానికి చాలా ముందే, ఈయన మనుషులు మాట్లాడుకునే తెలుగుకు దగ్గరగా రాశాడు. ఏ ఉద్యమమూ ఆయన మనసులో లేదు. స్నేహితుడికి రాసే ఉత్తరంలో గ్రాంథికం ఎవరు వాడతారు? కచేరీ మాటలు, ఉర్దూ మాటలు, అరవం మాటలు, ఇంగ్లీషు మాటలు అన్నీ కలిసిన తెలుగు అది. శుద్ధి కోరే పండితుడికి నచ్చకపోవచ్చు. సరిహద్దు ఊళ్ళలో పుట్టి పెరిగిన మనకు మాత్రం అది మనింట్లో భాషలాగే వినిపిస్తుంది. నాలుగు భాషల మధ్య బతికేవాడి తెలుగు అలాగే ఉంటుంది మరి.

తండయారుపేటలో ఆ తోట ఇప్పుడు వెతికితే దొరకదు. ఆయన సమాధో, విగ్రహమో చూద్దామని పోతే నిరాశే. కానీ కాశీకి టికెట్టు తీసుకున్న మనవాళ్ళెవరైనా సంచీలో ఆ పుస్తకం ఒకటి పెట్టుకుంటే చాలు. రైలు గోదావరి దాటుతుంటే, నర్మద దాటుతుంటే, కిటికీలోంచి చూస్తూ ఆ పేజీ తిప్పండి. మనం నిమిషంలో దాటేసిన ఏటిని నూరుమంది ఆడా మగా ఎలా దాటారో, అవతలి ఒడ్డున మంచినీళ్ళ బావి ఎక్కడుందో ఆయన రాసిపెట్టి ఉంచాడు.